రెండు పార్టీల గడ్డాలు

అరవైల్లో, కొత్తగా సోషల్ మాస్టరుగా చేరిన హుషారులో, నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే బస్సులో పక్కాయనకి అలీన విధానం వివరించాను. గోధుమలు అమెరికావి, యంత్రాలు రష్యావి, మనం మాత్రం ఎవరి జట్టూ కాదన్నాను.

ఆయన ఒళ్లోని క్షవరం పొది సర్దుకున్నాడు. "మా ఊళ్లోనూ రెండు పార్టీలేనండి. ఇద్దరికీ గడ్డం గీసేది నేనే."

"కోప్పడరా?"

"కత్తి నా చేతిలో ఉన్నంతసేపూ కోప్పడరండి."

"రేపు మీ పాకకి నిప్పంటుకుంటే ఎవరొస్తారు?" అని నిలదీశాను.

"ఇద్దరూ పరిగెత్తుకొస్తారు పంతులుగారూ! ఒకడు ముందొస్తే రెండోవాడికి తలకొట్టేసినట్టుంటది కదండీ."

రిటైరయ్యేదాకా బళ్లో ఆ అలీన విధానం పాఠం చెప్పాను. చెబుతున్నంతసేపూ నా చెయ్యి గడ్డం మీదే ఉండేది. పిల్లలేమో నేను ఆలోచిస్తున్నాననుకునేవాళ్లు.