ముప్పై ఒకటో నంబరు చొక్కా

నాకు ఇంగ్లీషు అక్షరం రాదు. తెలుగు కూడా రెండో తరగతితో సరి. అంకెలు మాత్రం వచ్చు, బస్సులు ఎక్కాలి కాబట్టి. ఈ సంగతి మా ఆయనకి తెలుసు, మా అమ్మాయికి తెలుసు. స్టేడియంలో ఎవరికీ తెలియదు. తెలిస్తే మైకు దగ్గర కూర్చోనివ్వరు. ఐదేళ్ళు ఆ భయంతోనే కూర్చున్నాను.

ఆ మైకు మొదట మా ఆయనది. వారమంతా తంజోంగ్ పగార్‌లో ఓడల కంటైనర్ల దగ్గర పని, ఆదివారం ఆ చిన్న స్టేడియంలో అనౌన్సరు. ఆయన ఈ దేశంలోనే పుట్టిన మనిషి. తాతల నాడు విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి ఆయన తెలుగు మాట్లాడితే సగం తమిళమే వినపడేది. ఇంతలో కంప్యూటరు ఉద్యోగాలకి మనవాళ్ళు విమానాల నిండా దిగారు. ఆఫీసుకో క్రికెట్ టీము పెట్టుకున్నారు. వాళ్ళ పేర్లేమో గజం పొడుగు, ఇంటిపేరు ముందుందో వెనకుందో తెలియదు. ఒకసారి మా ఆయన ఇంటిపేరొక్కటే పిలిస్తే ముగ్గురు లేచి బ్యాట్లు పట్టుకున్నారు. అప్పటినుంచి కాగితం మీద ఉన్నది కూడబలుక్కుంటూ నా వైపు తిరిగేవారు. పక్కన కూర్చుని నేను సరిచేసేదాన్ని, ఆయన మైకులో చెప్పేవారు.

ఆయన పోయిన రెండు నెలలకి స్టేడియం మేనేజరు, ఒక తమిళాయన, పాసిర్ రిస్‌లో మా ఫ్లాటుకి వచ్చాడు. పేర్లన్నీ మీకు తెలుసు కదమ్మా, మీరే వచ్చి చెప్పండి అన్నాడు. చదవడం వచ్చా అని అతను అడగలేదు. రాదని నేనూ చెప్పలేదు.

నా గొంతు చిన్నప్పటినుంచీ బొంగురు. మొదటి రోజు మైకులో వినగానే లారీ స్టార్టయిందని నవ్వారు. తర్వాత ఆంటీ పిలిస్తేనే దిగుతామని బెట్టు చేసేవాళ్ళు. ఇంట్లో మా అమ్మాయి ఇంగ్లీషులో ఒక ముక్క జవాబిచ్చి గదిలోకి పోయేది. ఆదివారం మాత్రం స్టాండులో అంతమంది నా మాట కోసం చెవులు రిక్కించేవాళ్ళు. నాకు మిగిలింది అదొక్కటే.

నేను చేసిన ఉపాయం చొక్కా నంబర్లు. ఆట మొదలవక ముందే కిందకి దిగి, మంచినీళ్ళు అందించే వంకతో ఒక్కొక్కరినీ పలకరించేదాన్ని. ఏ ఊరు బాబూ, పేరేంటి, పిల్లలెందరు. ఫలానా నంబరుకి ఫలానా పేరు అని బుర్రలో గుచ్చుకుని పైకి వెళ్ళేదాన్ని. కెప్టెన్లు ఇచ్చిన కాగితం ఎదురుగా పెట్టుకునేదాన్ని, అంతే. పాత టీములైతే అడగక్కర్లేకుండానే గుర్తుండేవి.

సైన్స్ పార్క్‌లో ఒక ఆఫీసు టీములో ముప్పై ఒకటో నంబరు విజయనగరం అబ్బాయిది. నాలుగేళ్ళుగా అదే చొక్కా. ఆ ఆదివారం వాన పడి ఆట ఆలస్యమైంది. హడావిడిలో నేను కిందకి దిగలేదు. ఎలాగూ తెలిసినవాళ్ళే కదా అనుకున్నాను. రెండో వికెట్టు పడ్డాక మైకు గది అద్దంలోంచి చూస్తే ముప్పై ఒకటి నడిచి వస్తోంది. హెల్మెట్టు పెట్టుకుంటే ముఖమేం కనపడుతుంది? స్టాండులో అతని భార్య, కూతురు కూర్చుని ఉన్నారు. నాకు హుషారొచ్చింది. అతని పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, మన విజయనగరం బాబు వస్తున్నాడు, వాళ్ళ పాప కూడా వచ్చింది, చప్పట్లు కొట్టండి అన్నాను.

ఎవరూ కొట్టలేదు. బ్యాటు పట్టుకున్నవాడు ఆగిపోయి నా అద్దం వైపు చూశాడు. కెప్టెన్ ఏదో అరిచాడు. మేనేజరు పరుగున వచ్చి మైకు లాక్కుని ఇంగ్లీషులో సర్దాడు. ఆ పేరుగల మనిషి ఇప్పుడు ఆ కంపెనీలో లేడని, ఇతను కొత్త ఆటగాడని. ఆ మాత్రం నాకు అర్థమైంది. అప్పుడే, భార్య పక్కన మామూలు చొక్కాతో కూర్చున్న అతను కనపడ్డాడు. భార్య అతని ముఖంలోకి చూస్తోంది.

అతను రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చాడు. వెనకే పాప.

"డాడీ, యువర్ లెగ్ నాట్ పెయిన్ ఆ? యు రన్ సో ఫాస్ట్."

అతను నా ముందున్న కాగితం వైపు చూశాడు. "ఆంటీ, పేపర్లో నా పేరుందా?" అని నన్ను అడిగాడు.

మేనేజరు పక్కనే ఉన్నాడు. కాగితం చూడలేదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ చూసే శ్రద్ధ కూడా లేకుండా తన పరువు తీశానని ఈ అబ్బాయి అనుకుంటాడు. అలా అనుకోనివ్వలేకపోయాను.

"నాకు చదవడం రాదు బాబూ. నీ చొక్కా చూసి చెప్పాను."

అతను గొంతు తగ్గించాడు. "ఉద్యోగం పోయి మూడు వారాలైంది ఆంటీ. ఆఫీసు కార్డుతో పాటు చొక్కా కూడా ఇచ్చేశాను. కాలు నొప్పి, అందుకే ఆడట్లేదని చెప్పా ఇంట్లో. ఇవాళొక్క రోజు ఆట చూడనిద్దాం, రేపు చెబుదాం అనుకున్నా." తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాప చెయ్యి పట్టుకుని దిగిపోయాడు. వాళ్ళు కిందకి చేరేసరికి భార్య ఒక్కతే గేటు దాటేసింది.

మేనేజరు నా ముందున్న కాగితం తీసి చేతిలో పెట్టి, మొదటి పేరు చదవమన్నాడు. నేను దాన్ని తిరిగి బల్ల మీద పెట్టేశాను. మా ఆయన్ని తలుచుకుని కాబోలు, అతను కోప్పడలేదు. ఈ ఆట పూర్తయ్యేదాకా కూర్చుంటానని బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. ఆఫీసులోకి తీసుకువెళ్ళి టైపు చేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. ఇందులో ఏముందని అడిగితే, నేనే ఇష్టపడి మానేస్తున్నట్టు ఉందని తమిళంలో చెప్పాడు. నాకు ఇష్టం లేదన్నాను. అది రాయడానికి ఇందులో చోటు లేదమ్మా అన్నాడు.

ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. తెలుగులోనే సంతకం పెట్టాను.