వరదనాడు పట్టని నీళ్లు

ఉద్యోగ విరమణకు మూడేళ్లుందనగా, ఒక సెప్టెంబరు మొదట్లో నన్ను ఐరిష్ పడమటి తీరాన స్లైగో దగ్గరి చిన్న నది పరీవాహక ప్రాంతానికి బాధ్యురాలిగా వేశారు. అప్పటికి నేను ఒక పరిశోధన సంస్థలో సీనియర్ సైంటిస్టుని. ప్రయోగశాల అక్కడికి దూరాన, రాజధాని శివారు క్లాండాల్కిన్‌లో ఉండేది. నది ఎగువన అంతా పీట్ నేల. నీటిలో నాచు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పేరుకోగా ఏర్పడిన నల్లటి మెత్తటి నేల అది. అక్కడ బాగ్ అంటారు. అందులో సగం మేర పాతికేళ్ల క్రితం కాలువలు తవ్వి, నీరు తీసేసి, కలప కోసం స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు నాటారు. ఈ మార్పు వల్ల ఆ ప్రాంతం కర్బనాన్ని దాచుకుంటోందా, పోగొట్టుకుంటోందా అన్నది మేం తేల్చాలి. మిగతా సగంలోనూ చెట్లు నాటనివ్వాలా వద్దా అన్నది మా నివేదికను బట్టే ఉంటుంది.

ఆ నేల మార్టిన్ అనే డెబ్బై దాటిన రైతుది. ఆయనా, ఆయన భార్యా ఆ మొక్కలు చేత్తో నాటారట. ఆమె పోయి నాలుగేళ్లు. మిగిలిన బాగ్‌లోనూ నాటాలన్నది ఆమె కోరిక. ఆయన దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నారు.

చెట్లకు పైన, టవర్ మీది పరికరాలు అడవి పీల్చుకునే, విడిచే బొగ్గుపులుసు వాయువును కొలిచేవి. వాగు నీటిలో కరిగి పోయే కర్బనం కోసం రెండు వారాలకోసారి మంగళవారం ఉదయం నీళ్లు పట్టేవాళ్లం. ఆ పద్ధతి రాసి సంతకం పెట్టింది నేనే. ఏడాది తిరిగేసరికి లెక్క అడవికి అనుకూలంగా వచ్చింది. ముసాయిదా రాసేశాను.

ఆ కబురు చెబుదామని వెళ్తే మార్టిన్ సంతోషించలేదు. వంటగదిలో టీ పోసి ఇచ్చి అన్నారు: "మంగళవారాలు నీళ్లు తేటగానే ఉంటాయి, డాక్టర్. పెద్ద వాన పడ్డ మర్నాడు రండి. పాలు పోయని టీలాగా పారతాయి. చెట్లు పెట్టకముందు అంత నలుపు లేదు."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు అడగలేదు. నాకూ చెప్పబుద్ధి కాలేదు" అన్నారు.

టవర్ లెక్కలు చూసే సుధాకర్ వరంగల్‌వాడు. అతనికి ఫోన్ చేశాను. "గాలి లెక్కల ఫరక్ లేదు మేడమ్. నీళ్ల లెక్కనే మళ్లొకసారి చూడున్రి" అన్నాడు. వాన రికార్డు పక్కన నా మంగళవారాలు పెట్టి చూశాను. పెద్ద వానలన్నీ నడుమ రోజుల్లోనే వచ్చి పోయాయి. ఒక్క వరద నీటినీ మేం పట్టలేదు.

ముసాయిదా వెనక్కి తీసుకుని, లోపం నా పద్ధతిదేనని విభాగాధిపతికి రాసిచ్చాను. ఆయన కసురుకోలేదు, గడువు మాత్రం ఒక్క శీతాకాలమే ఇచ్చారు. వాగు మట్టం పెరగగానే తనంతట తానే సీసాలు నింపుకునే యంత్రాన్ని అమర్చాం. తొలి తుఫాను తర్వాత ఆ సీసాలను బల్ల మీద వరసగా పెడితే, మార్టిన్ చెప్పిన నల్ల టీ రంగే కనిపించి, పరీక్ష చేయకముందే సంగతి అర్థమైంది. నీరు తీసేసిన పీట్ కుళ్లి, ప్రతి వరదకూ కాలువల వెంట నదిలో కలుస్తోంది. శీతాకాలం ముగిసేసరికి, టవర్ జమ చూపినదాని కంటే వాగు పట్టుకుపోయేదే ఎక్కువని తేలింది.

నివేదిక బయటికి రాకముందే మార్టిన్‌కు స్వయంగా చెప్పాను. ఆయన చివరిదాకా విని, "అయితే మేమిద్దరం తప్పు చేశామా?" అని అడిగారు. ఆ రోజుల్లో నాటమన్నది నాలాంటి నిపుణులేనని, అప్పుడు ఆ వాగును ఎవరూ కొలవలేదని చెప్పాను. ఓదార్పుకని అనలేదు, జరిగింది అదే. వారం తర్వాత ఆయన దరఖాస్తు ఉపసంహరించుకున్నారు. నేల మళ్లీ తడిసి పీట్ కుళ్లకుండా ఉండేలా ఎగువ కాలువలు పూడ్చడానికీ ఒప్పుకున్నారు. ఇంటి పక్కన భార్య నాటిన వరస మాత్రం ఉంచమన్నారు. అది పీట్ కాదు, గట్టి నేల. అభ్యంతరం లేదని రాశాను.

ఆ తర్వాత ఏ పద్ధతి పత్రం రాయాల్సి వచ్చినా, ముందు ఆ నీటి ఒడ్డున ఉండేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది మొదటి పేజీలో పెట్టేదాన్ని. పొరపాటు పరికరంలో ఉంటే సాధారణంగా పరికరమే పట్టిస్తుంది. మనం ఎంచుకున్న రోజుల్లో ఉంటే, చూసినవాళ్లెవరైనా చెప్పాల్సిందే.