ఆవిడకు పెట్టిన అండి

మా ఆయనది కొవ్వూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు. ఫోనుకు లాక్ పెట్టేవారు కాదు, నాకు ఇంగ్లీషు అక్షరాలు రావన్న ధైర్యం. కానీ రాగితీగ చుట్టీ చుట్టీ మొద్దుబారిన ఆ వేళ్లకు టైపు చేయడం రాదు. అన్నీ వాయిస్ మెసేజీలే. నాకు చెవులున్నాయన్న సంగతి మరిచిపోయారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయన స్నానానికి వెళ్లారు. మంచం మీద ఫోను మోగుతుంటే షాపు పనేమోనని తీశాను. ఎక్కడ నొక్కానో ఏమో, ఆయన గొంతే పలికింది.

"భోజనం చేశారాండి? ఎండలో తిరగకండి, మీకసలే తలనొప్పి."

ఇంకొకటి నొక్కాను. మా ఆవిడ పోయాక ఒక్కణ్నే వండుకు తింటున్నానని చెబుతున్నారు. ఆవిడంటే నేనే. స్టవ్ మీద ఆయనకిష్టమైన గోంగూర రొయ్యలు ఉడుకుతున్నాయి.

నన్ను చంపేసినందుకు కోపం రాలేదని కాదు. అసలు మంట ఆ 'అండి' దగ్గర మొదలైంది. మా వైపు కూరగాయలమ్మే ఆమెనూ, బస్సు కండక్టరునూ కూడా అండి అంటాం, అదేం గొప్ప కాదు. నన్ను మాత్రం పెళ్లయిననాటి నుంచీ "ఏమే" అనే పిలిచారు. నేనూ అంతకంటే కోరలేదు. ఆయన గొంతులో అంత మెత్తని అండి దాగుందని ఇన్నేళ్లూ నాకు తెలియలేదు. నాకూ తలనొప్పి వస్తుంది. ఏ వైపు వస్తుందో ఆయన్నడగండి, చెప్పలేరు.

కాకినాడలో ఉద్యోగం చేసే మా అక్క కూతురికి ఫోన్ చేసి, ఆయన ఫోనులో ఆ మాటలు వచ్చినచోట పైన గుండె బొమ్మ ఉందని చెప్పాను. "అది జతలు కుదిర్చే యాప్ పిన్నీ. నువ్వేం నొక్కకు, సాయంత్రం నేనొస్తాను," అంది.

నొక్కకుండా ఉండలేకపోయాను. ఆయన భోజనానికి కూర్చున్నాక, ఎదురుగా నిలబడి ఆ ఫోనులో మైకు గుర్తు నొక్కిపట్టి నెమ్మదిగా అన్నాను:

"భోజనం చేశారాండి? ఈయన చేస్తున్నారు. నేను వాళ్లావిడనండి. పోలేదు, వడ్డిస్తున్నాను."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఆవిడ గొంతు వచ్చింది. చక్కటి గొంతు, అదీ నాకు నచ్చలేదు.

"నాకు తెలీదండి. మీ గురించి చెప్పి ఏడ్చారు కూడానండి. ఇంక మాట్లాడనండి."

నా కోసం ఏడ్చిన ఏడుపు కూడా ఆవిడే విన్నది.

ఆయన నా ముందే ఆ యాప్ తీసేశారు. ఆవిణ్ని కళ్లతోనైనా చూడలేదని, ఊరికే కాలక్షేపమని ఏవేవో చెప్పారు.

"చూసొచ్చినా ఇంత మండేది కాదండి. కూర్చుని మాట్లాడారు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావే?"

"నాతోనూ అలా మాట్లాడండి. లేదంటే సాయంత్రం వచ్చే పిల్లతో కాకినాడ పోతాను."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. చివరికి, జంగారెడ్డిగూడెం నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారును దుప్పటిలో చుట్టి, పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. బాగా చెప్పారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఇది ఆవిడకు ముందే చెప్పేశారేమోనని ఆయన మొహంలో వెతికాను.