ముక్కు చెప్పని మాట

తలుపు వెనక నుంచి ముందు ఊపిరి వినిపిస్తుంది. పొడుగ్గా, లోపలికి, గాజులో దాక్కున్న దేన్నో బయటికి లాగుతున్నట్టు. తర్వాతే ఆమె కనిపిస్తుంది. నీటిశుద్ధి ప్లాంటులో అందరికీ ఆమె ముక్కుపిన్ని.

నగరం వాడి వదిలేసిన మురుగు అక్కడ మళ్ళీ మంచినీరవుతుంది. బోర్లు ఎండిపోయాక ఊరికి అదే దిక్కు. యంత్రాలు సరేనన్నాక ఆఖరి మాట పిన్నిది. గోరువెచ్చని నీళ్ళు సీసాలో పోసి, మూతపెట్టి, కుదిపి, తెరిచి పీల్చేది. ఆమె తలూపితేనే నీళ్ళు ఇళ్ళకు బయలుదేరేవి. అలాంటి ముక్కున్న ఇంట్లో దొంగచాటుగా సిగరెట్ కాల్చడం తన వల్ల కాలేదని భర్త వాపోయేవాడు.

ఒకసారి జలుబు చేసి తగ్గింది. మర్నాడు పనిలోకి వెళ్ళి, సీసా తెరిచి, పీల్చి తలూపింది. ఇంటికొచ్చి పొయ్యి పక్కనే కూరగాయలు తరుగుతూ కూర్చుంది. ఇంతలో కోడలు పరుగున వచ్చి పొయ్యి ఆర్పేసింది.

"అన్నం మాడి బొగ్గయింది అత్తయ్యా. పక్కనే ఉన్నారుగా."

ఆమె మాడిన గిన్నె మీదికి వంగి పీల్చింది. ఏమీ లేదు. సబ్బు, ఉల్లిపాయ, తడిబట్ట, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుంది. సున్నం కొట్టిన గోడలా లోకమంతా తెల్లగా ఉంది.

అప్పుడు పొద్దుటి సీసా గుర్తొచ్చింది. వాసన నీళ్ళకు లేదా, తనకే తెలియలేదా? పెరట్లో మనవరాలు కుళాయి కింద దోసిలి పట్టి తాగుతోంది. ఆమె వెళ్ళి ఆ చేతుల మీద కొట్టింది. పిల్ల ఏడుపు కన్నా కుళాయి చప్పుడే పెద్దగా వినిపించింది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే చప్పుడు.

వెంటనే ప్లాంటు ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"నీళ్ళు ఆపించండి బాబూ. నా ముక్కు పోయింది."

"పొద్దున సరేనన్నావుగా పిన్నీ?"

"అలవాటుకొద్దీ అన్నాను."

నీళ్ళు ఆగిపోయాయి. ఖాళీ బకెట్లు రోడ్డెక్కాయి. జనం తిట్టని తిట్టు లేదు. చివరికి వేరేవాళ్ళు వాసన చూసి, నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయని తేల్చారు. ఆమెను మాత్రం సీసాలు కడిగే గదికి మార్చారు. ఇప్పటికీ కడిగిన ప్రతి సీసానూ తలుపు వేసుకుని పీలుస్తుంది, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచినట్టు.

తన కథ అడగడానికి వచ్చిన మనిషికి వెళ్ళేముందు గ్లాసుడు నీళ్ళిచ్చింది. ఇచ్చిందే గానీ గ్లాసు వదల్లేదు.

"తాగే ముందు ఒకసారి వాసన చూడు నాయనా. చూసి, నాక్కూడా చెప్పు."