నల్లబడ్డ తొంభై రెండు పేజీలు

ఈ రోజు పొద్దున నారాయణగూడలో ఎవరో గోడకు కోచింగ్ సెంటర్ పోస్టరు అంటిస్తున్నారు. పక్కన బకెట్‌లో మైదా జిగురు. ఆ పుల్లటి వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. అది నాకు నర్సింలు కాకా వాసన. చిక్కడపల్లి లైబ్రరీ వెనక గదిలో చిరిగిన పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి, కోఠిలో ఒక దుకాణంలో ఈ పని నేర్చుకున్నాడు. ఆయన గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురు ఉండేది.

అప్పటికి నేను అశోక్ నగర్ హాస్టల్లో చేరి నాలుగో ఏడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి గ్రూప్స్ పరీక్షకు తయారవుతున్నాను. పొద్దున్నే లైబ్రరీ హాల్లో నీళ్ల సీసా పెట్టి కుర్చీ పట్టుకోవడం, సొంత గైడు తెరవడం, ఇదే పని. అల్మారాల్లోని పుస్తకాల జోలికి మాలో ఎవరమూ వెళ్లేవాళ్లం కాదు. ఒకరోజు నోటీసు బోర్డు మీద చేతిరాత కాగితం కనిపించింది: "ఆదివారం నాలుగు గంటలకు బైండింగ్ గదిలో పుస్తకాల ముచ్చట. పూర్తిగా చదవకున్నా రావచ్చు." ఆ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుందని విని వెళ్లాను. ఆరుగురున్నారు. తర్వాతి వారానికి అందరూ ఒక నవల చదువుకుని రావాలన్నారు.

నేను నాకు తెలిసిన పద్ధతిలో చదివాను. పాత్రల పట్టిక, ఊళ్ల పట్టిక, అడగడానికి అవకాశమున్న ఇరవై ప్రశ్నలు, జవాబులు. కాకా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంజినీర్ సాబ్, దీనికి హాల్ టికెట్ గిట్ల ఇస్తరా?"

అందరూ నవ్వారు.

"మొత్తం చదివిన కాకా," అన్నాను.

"చదివినవ్ తియ్. ఏడ ఆగినవ్?"

"ఏడ ఆగలె."

"అట్లయితే నీతోని ముచ్చటేముంటది?" అని సుజాత గారి వైపు తిరిగాడు. ఆమె దగ్గర్లోని బడిలో లెక్కల టీచరు.

"నూట నలభై కాడ మూసేసిన కాకా. అండ్ల అత్తకు పక్షవాతం వచ్చింది. మా ఇంట్ల ఉన్న అత్త చాలు నాకు."

మళ్లీ నవ్వులు. కానీ ఆ తర్వాత గంటసేపు ఆ ఒక్క పేజీ గురించే మాట్లాడుకున్నారు. నా ఇరవై ప్రశ్నల్లో అది లేదు.

ఈ ముచ్చట ఎందుకు మొదలుపెట్టాడో కాకా జిగురు పూస్తూ ఒకసారి చెప్పాడు. "పుస్తకం మూసి అంచు చూడు బిడ్డా. చేతులు తాకిన కాడిదాంక నల్లగుంటది, ఆడికెళ్లి తెల్లగ. అందరు ఒక్క తాననే ఆగుతరు. ఎందుకాగిన్రో ఎవ్వలు చెప్పరు. సిగ్గు. గదే అడుగుదామని పెట్టిన."

ఆ ఎండాకాలం మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది. అదే వారం లిఫ్టులు బిగించే ఒక కంపెనీ నుంచి ఉద్యోగం కూడా వచ్చింది, సోమవారం చేరాలి. నాకు చేరాలనే ఉంది. కానీ ఇంట్లోనూ, కాకాతోనూ మూడు రివిజన్లు అయిపోయాయని చెప్పి ఉన్నాను. ఈసారి ఖాయమని నాయిన ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఉద్యోగంలో చేరితే ఆ మాట ఏం కావాలి? నా టైంటేబుల్లో మాత్రం మూడు వరసల టిక్కులు చక్కగా ఉన్నాయి.

గురువారం నా పాలిటీ గైడు కుట్టు ఊడిపోతే కాకాకు ఇచ్చాను. ఆయన దాన్ని మూసి, బల్ల మీద తట్టి, కిటికీ వెలుగులో పెట్టి అంచు చూశాడు.

"మూడుసార్లు చదివిన అన్నవ్ గద?"

ఆయన అంచును నా వైపు తిప్పాడు.

"తొంభై రెండు పేజీలు బొగ్గులెక్క ఉన్నయి. మిగిలినయి పెండ్లిబట్టలోలె ఉన్నయి."

నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ కొత్త టైంటేబుల్ రాసుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టేవాణ్ణి. ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి ఆగిపోయేవాణ్ణి. మిగతాదంతా టిక్కులే. దొరికిపోయినందుకు సిగ్గు వేయాలి. కానీ జ్వరం దిగి చెమట పట్టినట్టు అనిపించింది.

"ఎందుకాగినవ్?" అన్నాడు, నవల గురించి అడిగినట్టే.

"నాకు ఇష్టం లేదు కాకా." ఆ మాట అప్పటిదాకా నేను ఎవరితోనూ అనలేదు, నాతో కూడా.

"మీ నాయినకు ఎరుకేనా?"

"లేదు."

"ఆదివారం రా. పుస్తకం గప్పుడిస్త."

ఆదివారం నా చేతిలో సన్నటి పుస్తకం పెట్టాడు. గట్టి అట్ట, నీలం రంగు గుడ్డ. సరిగ్గా తొంభై రెండు పేజీలు.

"మిగిలింది?"

"హాల్ల ఒక పిల్లకిచ్చిన. ముందట్ది నోటికొచ్చింది తాతా, ఎన్కదే కావాలె అన్నది."

అడగకుండా కోసినందుకు కోపం రావాలి. రాలేదు. "చదివినంత నీది," అని ఆయన వేరే పుస్తకం అందుకున్నాడు. నేను వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను.

"నాయినా, మూడుసార్లు చదివిన అన్నది అబద్ధం. ఇగ పరీక్ష రాయ. రేపు లిఫ్టుల కంపెనీల చేరుత."



"పోయినసారి ఇంటికొచ్చి నాలుగు దినాలున్నవ్. సంచిలకెళ్లి పుస్తకం తియ్యనేలె," అన్నాడు నాయిన. "నాకెరుకే. నువ్వే చెప్తవని చూస్తున్న."

"మరి ఊళ్లె?"

"ఊళ్లె నేను చెప్పుకుంట తియ్. తిన్నవా?"

చూపు తగ్గాక కాకా పని మానేసి పాలమూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆదివారం ముచ్చట ఆగలేదు. బోర్డు మీద కాగితం ఇప్పుడు నేను పెడుతున్నాను, అవే మాటలతో. నా పట్టికల అలవాటు కూడా పోలేదు. చదివిన పుస్తకాలకు ఒక వరస, ఆపేసినవాటికి పేజీ, కారణంతో మరో వరస. రెండోదే పొడుగ్గా ఉంది.

నాయిన మొన్న నా గదికి వచ్చినప్పుడు అల్మారాలోంచి ఆ నీలం పుస్తకం తీశాడు. కాకా సంగతి అంతా చెప్పాను. నాయిన పుస్తకం మూసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అంచును బొటనవేలితో రుద్దాడు.

"నల్లగనే ఉన్నదిరా," అన్నాడు. "గీడిదాంకయితే మంచిగనే చదివినవ్."