మరమనిషికి పెట్టిన నూనె

ఆదివారం. బట్టలు ఉతికాను, బియ్యం ఏరాను, కుట్టుమిషన్‌కు నూనె వేశాను.

ఆ నూనె వాసనకు చిక్కడపల్లి ఇల్లు గుర్తొచ్చింది. అక్కడ మేం కథల పుస్తకాలు కిరాయికి తెచ్చుకునేవాళ్ళం. జ్వరంతో ఉన్న చెల్లెలు లతకు మరమనిషి కథ ఒకటి చదివి వినిపించాను. తప్పిపోయిన పాపను వెతుకుతూ అది వానలో నడిచి నడిచి, చివరి పేజీలో తుప్పుపట్టి ఆగిపోతుంది. ఆ పేజీ చదవడానికి నాకు నోరు రాలేదు.

"పాప దొరికిందా అక్కా?"

"దొరికింది. ఇద్దరు మనింటికే వస్తున్నరు."

"గట్లయితే గడప కాడ మిషన్ నూనె పెట్టు. వానల తడిసింది, పాపం కీళ్ళు పట్టేస్తయి. వచ్చినంక నన్ను లేపు."

గిన్నెలో నూనె పోసి పెట్టాను. లత మళ్ళీ లేవలేదు.

ఇవాళ తన ఫొటో ముందు కూర్చున్నాను. "అది రాలేదే లతా, తొవ్వలనే ఆగిపోయింది. ఇంక ఎదురుచూడకు."

చెల్లికి చదవకుండా దాచిన చివరి పేజీ బాకీ తీరింది.