అంకెలమ్మ

మానసిక వైద్యశాల రికార్డుల గదిలో ఆమెను అందరూ అంకెలమ్మ అంటారు. ఇళ్లకు వెళ్లిపోయిన రోగుల ఫైళ్లు చదివి, ఒక్కో జబ్బుకు దాని అంకెల కోడు కంప్యూటర్లో వేయడం ఆమె పని. వేసేముందు కళ్లజోడు తుడుచుకుని, డాక్టరు రాసిన ముక్కను పెదవులు కదుపుతూ మళ్లీ చదువుతుంది. ఆ రోజు ఒక తల్లి ఫైల్లో ‘బిడ్డ పోయిన దుఃఖం’ అని ఉంది. సూపర్‌వైజరు బిస్కెట్టు నములుతూ ఆమె భుజం మీదుగా వంగాడు.

“దుఃఖమంటే బీమావాళ్లు బిల్లు తిప్పికొడతారమ్మా. పిచ్చి కోడు కొట్టెయ్.”

“రెండో బిడ్డ కోసం ఈవిడ మొగుడు కోర్టుకెక్కాడటండీ. పిచ్చని పడితే ఆ బిడ్డనీ ఈవిడకివ్వరు.”

“మనకెందుకొచ్చిన గొడవ?”

“నా చేత్తో వెయ్యను. మీరే వేసుకోండి.”

కాస్తయినా తటపటాయిస్తాడనుకుంది. అతను బిస్కెట్టు పొడి అంటిన వేలితోనే టకటకా కొట్టేసి, “ఇంతేగా తల్లీ!” అని నవ్వాడు. ఆమె కళ్లజోడు తుడుచుకుని, అతను కొట్టిన కోడును పెదవులు కదుపుతూ మళ్లీ చదివింది.